ఎడమ కంటి చుక్క

నంద్యాలలో శివప్రసాద్ సెల్‌ఫోన్ సామాన్ల అంగడికి ఈ ఏడాది పేరు తెచ్చిపెట్టింది అతని మూడేళ్ల కూతురు సింధూజ. ఫోను కెమెరాకు క్లిప్పుతో తగిలించే ఫిల్టర్ అద్దాలు తెప్పించాడతను. ఒకటి తగిలిస్తే ఒక మనిషి పదిమందిగా కనిపిస్తాడు, ఇంకొకటి తగిలిస్తే మొహం మీద రంగులు పడతాయి. మూడోది చుక్కల అద్దం. దీపం గానీ నగ గానీ, ఏది మెరిసినా దాని చుట్టూ కిరణాలు పుట్టిస్తుంది. భార్య వాసవి ఆ అద్దం పెట్టి, ఫోను లైటు వేసి, పాపను వీడియో తీసింది. పాప నవ్వింది. ఎడమ కంట్లో తెల్లటి చుక్క ఒకటి నిండుగా వెలిగింది.

ఆ వీడియోను వేలమంది చూశారు. "కంట్లో చుక్కొచ్చే అద్దం ఇయ్యప్పా" అంటూ సంజామల నుంచి, మహానంది నుంచి కూడా జనం వచ్చారు. మన శివప్రసాద్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. వాసవి వారానికొక కొత్త గౌను తొడిగి కొత్త వీడియో పెట్టసాగింది. పాప ఈ మధ్య గడపలు తగిలి పడుతోందని అత్తగారు సుబ్బరత్నమ్మ రెండుసార్లు చెప్పింది. "ఈ వయసులో పడకుండా ఎట్లుంటారత్తా" అని వాసవి కొట్టిపారేసింది. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది మనమూ రోజూ అలాగే కొట్టిపారేస్తాం. అందుకే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి శేషయ్య అనే శిల్పి అంగడికి వచ్చాడు. వారం కిందట తను కొన్న చుక్కల అద్దం బల్ల మీద పెట్టాడు.

"ఇది వాపసు తీసుకో అప్పా. మా మనమరాలి కంట్లో చుక్క రాలా."

"లైటు ఏసినావా పెద్దాయనా?"

"ఏసినా. ఇంట్లో నలుగురు పిల్లోల్లను తీసినా. కమ్మలకు బాగనే వస్తాండాయి చుక్కలు. కండ్లల్లో మాత్రం సన్న మెరుపు, రెండిట్లోనూ ఒకటే తీరు. మీ పాపకు మాదిరి యాడా రాలా."

ఫోను పట్టుకోవడం రాకుంటే అంతేలే అని శివప్రసాద్ నవ్వాడు. అంగడి వెనకే ఇల్లు. పాపతో సహా వాసవిని పిలిచి, వీడియో చూపించమన్నాడు. శేషయ్య ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లుగా రాతిలో కండ్లు తీర్చినవాడాయన. విగ్రహమంతా అయ్యాక చివరగా కండ్లు తీర్చి, రెండింటి మీదా వెలుగు ఒకే తీరున పడుతోందా అని దీపం పట్టి చూసుకోవడం ఆయన పని పద్ధతి.

"అమ్మీ, అద్దం రెండు కండ్లకూ ఒకటే గదా. చుక్క ఎడమ కంట్లోనే ఎందుకొస్తాంది?"

వాసవి ఫోను తీసుకుని, దానికున్న అద్దం ఊడదీసి, లైటు వేసి, పాపను మామూలుగా ఫోటో తీసింది. కిరణాలు పోయాయి. తెలుపు పోలేదు. ఎడమ కంటి నల్లగుడ్డు మధ్యలో మీగడ అతుక్కున్నట్టుగా అలాగే ఉంది.

"కుడి కన్ను మూసి చూడు తల్లీ," అన్నాడు శేషయ్య.

అరచేత్తో ఆమె పాప కుడి కన్ను మూసి, ఎదురుగా బిస్కెట్టు పట్టుకుంది. పాప దాన్ని అందుకోలేదు. రెండు చేతులతో గాలిలో తడుముకుంది.

"అమ్మా, కరెంటు పోయింది."

అప్పుడు అంగడి నిండా ఎండ ఉంది.

శివప్రసాద్ షట్టరు కూడా దించకుండా కారు మాట్లాడుకొచ్చాడు. హైదరాబాదు చేరేదాకా వాసవి పాప మొహం వైపు చూడడానికే భయపడింది. పెద్ద కంటాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఇది మొదట ఎప్పుడు కనిపించిందని అడిగింది. వాసవి ఫోనులో వెనక్కి, ఇంకా వెనక్కి జరిపింది. మొదటి వీడియోకు ఎనిమిది నెలలు.

"కంట్లో క్యాన్సర్ గడ్డ ఉందమ్మా. అప్పుడే వచ్చి ఉంటే కన్ను దక్కేదేమో. ఇప్పుడు ఆ కన్ను తీసేయాలి. గడ్డ మెదడు దాకా పోయిందా లేదా అన్నది రిపోర్టు వస్తే గానీ చెప్పలేను."

ఆ రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టింది. శివప్రసాద్ తలుపు చప్పుడైతే చాలు లేచి నిలబడేవాడు. సుబ్బరత్నమ్మ కోడలిని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండునని వాసవికి అనిపించింది. నాలుగో రోజు డాక్టరమ్మ వచ్చి, మెదడుకు పాకలేదని, బిడ్డ బతుకుతుందని చెప్పింది. ఆపరేషన్ జరిగింది.

నెల తర్వాత వాసవి నంద్యాలలో ఫోను ముందు ఒంటరిగా కూర్చుంది. ఫిల్టరేదీ పెట్టలేదు. వీడియో మొదలుపెట్టింది.

"ఎనిమిది నెలలు నా బిడ్డ కంట్లో రోగాన్ని అందమని మీకు చూపించినా. మీరంతా బాగుందన్నారు, నేనూ నమ్మినా. ఫోటోలో మీ బిడ్డ కన్ను ఒక్కటైనా తెల్లగా మెరిస్తే ఆ పొద్దే కంటి డాక్టరు దగ్గరికి పోండి. దినామూ ఒక్కసారైనా ఫోను పక్కన పెట్టి, మీ బిడ్డను మీ కండ్లతో చూడండమ్మా."