అక్క కోసం పక్కిల్లు

ఆ మంగళవారం సాయంత్రం ఆమె భర్త వంటగదిలోకి వచ్చి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుని, బంగాళాదుంపల చెక్కు తీయడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన వంటగదిలోకి రావడమంటే ఫ్రిజ్ తెరవడం, నీళ్ళ సీసా తీసుకోవడం, తలుపు సరిగ్గా వేయకుండా వెళ్ళిపోవడం. అలాంటి మనిషి సగం దుంప చెక్కుతోనే పోయేలా గీకుతుంటే ఆమెకు నవ్వొచ్చింది.

"ఏమిటివాళ, సూర్యుడు పడమట పొడిచాడా?"

"ఊరికేలే. రోజూ నువ్వొక్కదానివే చేసుకుంటున్నావు కదా," అన్నాడాయన తలెత్తకుండా.

ఆ మాటకు ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆసుపత్రి ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్ళు రక్తపరీక్షలు చేసి, రోజూ ఏడింటి బస్సెక్కి, ఆరింటికి దిగి, చెప్పులు విడవగానే పొయ్యి ముట్టించిన మనిషి ఆమె. మిక్సీ చప్పుడుకి పేపరు చదువుకోలేకపోతున్నానని విసుక్కోవడమే తప్ప, ఆ మిక్సీ దగ్గర ఎవరున్నారో ఆయన చూసింది లేదు. ఇన్నాళ్ళకు చూశాడు. ముసలితనం మనిషిని మెత్తబరుస్తుందంటారు, నిజమే కాబోలు అనుకుంది. రేపు పదకొండింటికి ఈ సంగతి అక్కకి చెప్పాలి, అక్క పడీ పడీ నవ్వుతుంది అని కూడా అనుకుంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. భర్త అన్నగారి భార్య. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు ఇరవై ఆరేళ్ళు బతికారు. అత్తగారు ఇద్దర్నీ పేరుపెట్టి పిలిచేది కాదు. "ఇంట్లోది ఏం చేస్తోంది? బయటిది వచ్చిందా?" అనేది. అక్క నవ్వేసేది. "పోన్లేవే, ఇద్దర్నీ కలిపి ఒక నిండు మనిషిగా లెక్కేసుకుంది" అనేది. బయటిది ఏడింటి బస్సు అందుకునేలా డబ్బా సర్దింది ఇంట్లోదే. బయటిది నానబెట్టి వెళ్ళిన బట్టలు ఉతికి ఆరేసింది ఇంట్లోదే. ఆమెకు వచ్చిన ప్రమోషను, రిటైరైన రోజు ఇచ్చిన పూలగుత్తి, ఇవన్నీ ఆమె కష్టమేనన్నారందరూ. అందులో సగం అక్కదని తెలిసింది ఆ ఇంట్లో ఇద్దరికే.

ఆమెకు పిల్లలు పుట్టలేదు. అత్తగారి నోట్లో 'గొడ్రాలు' అనే మాట పొద్దున్నా సాయంత్రం నలుగుతున్న రోజుల్లో, అక్క తన ఏడు నెలల కొడుకుని తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి, "వీడికి ఒళ్ళు వెచ్చగా ఉంది, చూడవే. ఆసుపత్రిదానివి కదా" అంది. వాడికి ఒళ్ళు చల్లగానే ఉంది. ఆ రాత్రి వాడు ఆమె పక్కలోనే పడుకున్నాడు. తర్వాత పదేళ్ళదాకా అక్కడే పడుకున్నాడు.

అత్తగారు పోయాక అన్నదమ్ములు ఇల్లు అమ్ముకున్నారు. వాటాల దగ్గర మాటామాటా పెరిగి, ముఖాలు చూసుకోవడం మానేశారు. ఆడవాళ్ళిద్దరూ కూడా అదే క్షణంలో మానేస్తారని వాళ్ళు ఎలా అనుకున్నారో! రెండేళ్ళ క్రితం బావగారు పోయినప్పుడు ఆమె చెప్పులేసుకుని బయల్దేరింది. "నువ్వా ఇంటికి వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు" అన్నాడు భర్త. ఆమె ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజంతా తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. ఆ పిల్లవాడు, ఆమె పక్కలో పెరిగినవాడు, ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. అక్క మాత్రం నెల తిరగ్గానే ఫోన్ చేసింది. "నువ్వు రాలేదని నేననుకోవట్లేదే. రానివ్వలేదు. నాకు తెలీదా ఆ ఇంటి సంగతి?" అంది.

అప్పటినుంచి రోజూ పదకొండింటికి, ఆయన క్లబ్బుకి వెళ్ళే వేళకి, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. రిటైరైనవాళ్ళ కాలనీలో ఇల్లు కొందామని ఆయన అన్నప్పుడు ఆ కబురు ముందు అక్కకే చేరింది. "నాకూ పక్కనే ఒకటి చూడవే. మీ బావగారి డబ్బు నా పేరునే ఉంది. మావాడు వద్దనడు. ఒక్కటే షరతు, వంటగది ఉండకూడదు. ఉంటే తాళమేసి ఉండాలి, తాళంచెవి పారేసి ఉండాలి." ఇద్దరూ ఫోన్‌కి అటూ ఇటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు. ఆమె ధైర్యం కూడగట్టుకుని భర్తకి చెప్పింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు కదా, మిగతా సగం ఆమే కలుపుకుంది.

ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. దేనికైనా మార్కులు వేయందే తోచదు. మొదట చూసిన కాలనీ గుట్ట మీద. గాలికి తొమ్మిది, నీళ్ళకి నాలుగు వేశాడు. రెండోది పెద్దాసుపత్రికి ఆనుకుని ఉంది. అంబులెన్సు చప్పుడుకి ఆమె ఉలిక్కిపడుతుంటే, "ఇంతకంటే ఏం కావాలి, పిలిస్తే పలికే దూరం" అన్నాడు. ఆ సంగతి చెప్తే అక్క, "వద్దే తల్లీ, పోకముందే పోయినట్టుంటుంది" అంది. అదే ఆఖరి ఫోనని ఆమెకు తెలియదు. అది సోమవారం. మంగళవారం చేస్తే అక్క ఫోన్ స్విచాఫ్. బుధవారమూ అంతే, గురువారమూ అంతే.

"పాడై ఉంటుంది. బాగుచేయించుకోవద్దూ?" అన్నాడు భర్త.

"పిల్లాడి కొత్త నంబరు మీకేమైనా తెలుసా?"

"నాకెక్కడ తెలుస్తుంది?"

ఆదివారం మూడో కాలనీకి వెళ్ళారు. అన్నీ కింది ఇళ్ళే. రెండేసి ఇళ్ళకి మధ్య ఒకే గోడ, ముందు ఒకే పొడుగాటి వరండా. అటు చివర భోజనాల హాలు, మూడు పూటలా అక్కడే. పద్నాలుగు, పదిహేను నంబర్ల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. పద్నాలుగు కిటికీలోంచి వేపచెట్టు కొమ్మ కనిపిస్తోంది. ఆమె రెండిళ్ళ మధ్యా చిన్నపిల్లలా తిరిగింది. ఇక్కడ అక్క కుర్చీ, ఇక్కడ నా కుర్చీ. అక్కకి దగ్గొస్తే గోడ అవతలికి వినపడుతుంది. ఎవరి డబ్బా ఎవరూ సర్దక్కర్లేదు, ఎవరి కోసం ఎవరూ ముందు లేవక్కర్లేదు, ఊరికే కూర్చోవచ్చు. జన్మలో ఎప్పుడైనా ఇద్దరం ఊరికే కూర్చున్నామా అని ఆలోచిస్తే ఒక్కరోజు కూడా గుర్తురాలేదు.

భర్త పదిహేను ముందు నిలబడి చూస్తున్నాడు. "దీనికి మూడు మెట్లున్నాయి. వదిన మోకాళ్ళకి కష్టం. పదిహేను మనం తీసుకుందాం, పద్నాలుగు ఆవిడకి" అన్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత ఆయన నోట 'వదిన' అనే మాట విన్నదామె. ఆ వరండాలోనే ఆయన చేయి పట్టుకుంది. బయట, నలుగురిలో, ఆమె ఆయన చేయి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన విడిపించుకోలేదు. ఎటో చూస్తూ ఉండిపోయాడు.

గురువారం అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్ళారు. ఆఫీసులో జుట్టులో పెన్ను దోపుకున్న అమ్మాయి కాగితాలు ముందు పెట్టింది. పదిహేనుకి ఆయన సంతకాలు పెట్టాడు. ఆమె తన చేతిసంచి తెరిచి, రిటైరైనప్పుడు వచ్చిన సొంత డబ్బు మీద రాసుకొచ్చిన చెక్కు తీసింది.

"పద్నాలుగు మా అక్కకి ఆపాలమ్మా. ఆవిడ పేరు మీదే రాయండి. డబ్బు ఆవిడ తర్వాత నాకిస్తుంది, ఇవ్వకపోయినా ఫరవాలేదు."

"ఆవిడతో ఒక్క మాట మాట్లాడితే చాలమ్మా," అంది అమ్మాయి. నంబరు అడిగి నొక్కింది. "స్విచాఫ్ వస్తోందే."

"పాడైంది. రెండ్రోజుల్లో నేనే వెళ్ళి వెంటబెట్టుకొస్తాను."

"ఆ చెక్కు లోపల పెట్టు," అన్నాడు భర్త.

"ఏం?"

"పెట్టమన్నానా? ఆ ఇల్లు అక్కర్లేదు."

"మొన్న మీరే కదండీ..."

ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, తన సంతకం వైపు చూసుకున్నాడు. "ఆవిడ లేదు," అన్నాడు.

"లేకపోవడమేంటి? కొడుకు దగ్గరేగా ఉంది."

"పోయింది. తొమ్మిది రోజులైంది."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అమ్మాయి కుర్చీలోంచి లేవాలో వద్దో తెలియక సగం లేచింది. ఆమెకు ఏడుపు రాలేదు. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది, ల్యాబులో సీసాలు లెక్కపెట్టినట్టు. తొమ్మిది రోజులంటే మంగళవారం. బంగాళాదుంపలు.

"మీకెవరు చెప్పారు?"

"వాడే ఫోన్ చేశాడు. నీకెలా చెప్పను? తట్టుకోలేవు. పైగా మనం వెళ్తే, అన్నయ్యకి వెళ్ళనివాళ్ళం ఆవిడకి వెళ్తే, నలుగురూ ఏమంటారు? నాలుగు రోజులు పోయాక నెమ్మదిగా చెబుదామనుకున్నాను. నువ్వేమో ఈ ఇల్లు, ఆ ఇల్లు అని ఒకటే సంబరం. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టం లేకపోయింది."

"మోకాళ్ళకి మెట్లు కష్టం అన్నారు," అందామె. గొంతు మామూలుగానే ఉంది. "ఆదివారం అన్నారు. అప్పటికి ఆవిడ పోయి ఐదు రోజులు."

"మాటవరసకి అన్నాను."

ఆమె చేయి చాచింది. "ఫోనివ్వండి." ఆయన ఇచ్చాడు. తెలియదన్న నంబరు అందులోనే ఉంది. దాన్నుంచి వచ్చిన ఫోన్లు రెండు. ఒకటి మంగళవారం మధ్యాహ్నం. ఇంకొకటి సోమవారం సాయంత్రం.

బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆ నంబరుకి చేసింది.

"చెప్పు బాబాయ్."

"నేనురా నాన్నా. పిన్నిని."

"ఇప్పుడు తీరిందా పిన్నీ? నాన్నకి రాలేదు, సరే. అమ్మకి కూడా రాలేదు."

"నాకు తెలీదురా. ఇప్పుడే తెలిసింది. ఇప్పుడే, ఇక్కడే."

"బాబాయ్‌కి సోమవారమే చెప్పానుగా! అమ్మని ఆసుపత్రిలో చేర్చిన గంటకే చెప్పాను. నీకు చేస్తానంటే, 'పిన్ని గుండె మంచిది కాదు, నేను మెల్లగా చెప్పి తీసుకొస్తాను, నువ్వు చేయకు' అన్నాడు."

"సోమవారం... అక్కకి తెలివుందా?"

"తెల్లారిందాకా మాట్లాడుతూనే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, 'చిన్నది వచ్చిందేమో చూడరా' అనేది. మర్నాడు సాయంత్రం దాకా నీకోసం ఎత్తకుండా ఆపాం పిన్నీ. అందరూ ఇంక చాలన్నారు. నేనే ఆపాను."

అప్పుడు ఏడ్చింది. మెట్ల మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవతల వాడూ ఏడుస్తున్నాడు, ఏడు నెలల పిల్లాడప్పుడు ఏడ్చినట్టే, ఆగి ఆగి, వెక్కి వెక్కి. ఆసుపత్రి ఎంత దూరమని? బస్సులో గంటన్నర. సోమవారం సాయంత్రం ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకి అక్క చేయి పట్టుకునేది. రాత్రంతా ఉండేది. ఎన్ని వేలమంది చేతులు పట్టుకుంది, సూది గుచ్చి, నొప్పి తెలియనివ్వకుండా! ఆ ఒక్క చేయి పట్టుకోలేకపోయింది. ఆ సాయంత్రం తనేం చేసింది? ఆయనకి రెండోసారి టీ పెట్టింది. చక్కెర తక్కువైందంటే మళ్ళీ వేసింది. కడసారి చూపు అంటారు. దాన్ని ఆయన చెక్కుతో కలిపి దుంపలా గీకి పారేశాడు. బావగారప్పుడు గడప దాటొద్దన్నాడు, తను ఆగింది. ఈసారి వద్దనే శ్రమ కూడా పడలేదు. తెలియనివ్వకపోతే చాలు, తను ఆగిపోతుందని తెలుసుకున్నాడు. ఆ తెలివి ఆయనకి ఇచ్చింది తనే. ఆ రోజు చెప్పులు విప్పింది తనే.

"రేపు వస్తాను నాన్నా," అంది చివరికి. "ఆవిడ లేని ఇల్లయినా చూడాలి. రానిస్తావా?"

"రా పిన్నీ," అన్నాడు వాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి భర్త కాగితాలు ఆమె వైపు తిప్పి పెట్టి ఉన్నాడు. "ఇక్కడ నీ సంతకం కావాలట. పెట్టేస్తే పోదాం, ఎండెక్కుతోంది. ఇంటికెళ్ళి తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆమె ఆ కాగితాలు ముట్టుకోలేదు. అమ్మాయి ఎదురుగా కూర్చుని, ఇందాకటి చెక్కు మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"పద్నాలుగు నా పేరు మీద రాయమ్మా."

అమ్మాయి ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. "రెండిళ్ళూనా అమ్మా?"

"పదిహేను సంగతి నాకు తెలియదు. అది ఆయనిష్టం. నాకు పద్నాలుగు చాలు."

"ఏం మాట్లాడుతున్నావ్?" ఆయన గొంతు తగ్గించాడు, వరండాలో మనుషులున్నారని. "ఈ వయసులో విడిగా ఉంటావా? నలుగురూ నవ్వరూ? నాకు మందులెవరిస్తారు, అన్నమెవరు పెడతారు?"

ఆమె భోజనాల హాలు వైపు చేయి చూపించింది. "మూడు పూటలా పెడతారట. నాకూ వాళ్ళే పెడతారు."

ఆయన అమ్మాయి వైపొకసారి చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన కూడా ముసలివాడైపోయాడని, కాలరు దగ్గర మెడ సన్నబడిందని ఆమె చూసింది. జాలి కలిగింది కూడా. కానీ ఆ జాలికి లేచి టీ పెట్టాలని మాత్రం అనిపించలేదు.

అమ్మాయి పేరు రాసుకుంది, వయసు రాసుకుంది. ఉండేవారు ఎంతమంది అంటే ఒక్కరు అని రాసుకుంది. కాగితం చివరికొచ్చి పెన్ను ఎత్తింది.

"ఏదైనా అయితే ఎవరికి కబురు చేయాలమ్మా? సారు నంబరు పైన ఉంది, అదే వేసేస్తున్నాను."

ఆమె చేయి చాచి ఆ గడి మీద అరచేయి పెట్టింది.

"వద్దమ్మా," అంది. "ఆయనకి చెప్పిన కబురు ఎవరికీ చేరదు."