ఎక్కని గుర్రం

జీను పట్టీ బిగించడానికి వంగితే పొత్తికడుపులో సన్నగా మెలిపెట్టింది. పంటి బిగువున ఓర్చుకుని ఆమె కొక్కెం దూర్చింది. రెండు గుర్రాలకూ మేత పెట్టి, ఒళ్లు తోమి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసి, జీనులు వేసేసరికి ఆమె భర్త తాపీగా టీ తాగి, బూట్లు వేసుకుని వచ్చాడు.

"అడవిలో నెమ్మదిగా ఓ చుట్టు తిరిగొద్దాం. నీ మనసు కాస్త తేలికపడుతుంది," అన్నాడు.

గుర్రాలు అతని సరదా. వాటి లద్దె ఎత్తడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో ఆమెకు స్వారీ నేర్పింది అతనే. తనకంటే బాగా చేస్తోందని తెలిశాక, "నువ్వు ఇంటి పని చూసుకో, వీటిని నేను తిప్పుతాలే" అనడం మొదలుపెట్టాడు. అయినా నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం చుక్క మాత్రం ఆమె గొంతు వినపడితే చాలు, చెవులు నిక్కబొడిచేది.

కడుపుతో ఉందని తెలిసిన రోజే అత్త హెచ్చరించింది. "ఇక ఆ గుర్రం ఎక్కావంటే ఊరుకోను. ఊరేగే రోజులు కావివి." ఆమె ఎక్కలేదు. ఎక్కడం తప్పు గానీ, దానికి నీళ్లు మోయడం తప్పు కాదు ఆ ఇంట్లో. కుళాయి దగ్గర్నుంచి గుర్రాల సాల దాకా చేతికో బకెట్. ఆపైన గడ్డి మోపులు. "ఒళ్లు వంచితేనే కాన్పు సుఖంగా అవుతుంది" అనేది అత్తే. నాలుగో నెలలో ఓ సాయంత్రం బకెట్లు దించి, నడుం పట్టుకుని, సాల ముందే కూలబడిపోయింది.

ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చేసరికి ఇంటినిండా ఒకటే మాట. గుర్రం ఎక్కిందట. "చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా," అని అత్త వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయింది. "అంత ఆపుకోలేకపోయావా వదినా?" అని ఆడపడుచు ఫోన్లో అడిగింది. పక్కింటావిడ పలకరించడానికి వచ్చి, "పోనీలెండి, చిన్నతనం" అని క్షమించి మరీ వెళ్లింది. "నేను ఎక్కలేదు అత్తయ్యా" అంటే, "నిప్పులేందే పొగ పుట్టించడానికి నీమీద ఎవరికేం పగ?" అంది అత్త.

భర్తకు తెలుసు. ఆ సాయంత్రం అతను సాల అరుగు మీదే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నోరు విప్పుతాడని ఎదురుచూసింది. విప్పలేదు. పోను పోను ఆమెకు తన మీద తనకే అనుమానం పట్టుకుంది. ఎప్పుడైనా ఒళ్లు తెలియకుండా ఎక్కానా? కంచె మీద కూర్చుని చుక్క మెడ చుట్టూ చేతులు వేయడం కూడా ఎక్కడం కిందికే వస్తుందా? స్నానాలగదిలో కుళాయి తిప్పి, నోట్లో తువాలు కుక్కుకుని ఏడ్చేది. చచ్చిపోతే బాగుండుననిపించేది. చస్తే దాన్ని కూడా గుర్రం ఖాతాలోనే వేస్తారు వీళ్లు, అనుకుని ఆగేది.

అడవిలో బాట మెత్తగా ఉంది. కొమ్మల సందుల్లోంచి ఎండ పడుతోంది. వేళ్లు పైకి లేచినచోటల్లా చుక్క ఆచితూచి అడుగేస్తోంది, మీదున్న మనిషికి కుదుపు తగలకూడదన్నట్టు. ఆ ఇంట్లో తనను ఇంత జాగ్రత్తగా ఇంకెవరూ చూడలేదనిపించింది ఆమెకు.

ముందు నల్లగుర్రం మీద పోతూ అతను ఈల వేస్తున్నాడు. "చూశావా, ఎంత హాయిగా ఉందో!"

"ఇంటికెళ్లాక అత్తయ్య ఏమంటారో."

"అమ్మ గురించి బెంగపడకు. ఆ మాట ఆవిడ చెవిన వేసింది నేనేగా, నేనే సర్దేస్తాలే."

చుక్క ఆగింది. తాను పగ్గాలు లాగినట్టు ఆమెకే తెలియలేదు.

"ఏ మాట?"

"అదే, నువ్వు ఎక్కావని." అతను గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. "ఆస్పత్రిలో ఆ నర్సు, బరువులేమైనా మోయించారా అని అందరి ముందూ నన్ను పట్టుకుని నిలదీసింది. ఏదో ఒకటి చెప్పాలి కదా! అప్పటికి అదే నోటికొచ్చింది. అమ్మకీ అదే చెప్పాను."

"నీళ్లు మోసిందని చెప్పొచ్చుగా."

"బాగుంది! మా పరువేం కాను? అయినా నిన్నెవరైనా కొట్టారా, తరిమారా? నాలుగు మాటలన్నారు. నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు."

కోపం రావాలి. రాలేదు. రికాబుల్లో కాళ్లు ఉన్నాయో లేవో కూడా తెలియనంతగా ఒళ్లు చల్లబడిపోయింది. స్నానాలగది గోడకు అవతలే అతని మంచం. కుళాయి చప్పుడు వినే ఉంటాడు. విని, అటు తిరిగి పడుకునే ఉంటాడు.

"ఇవాళే అత్తయ్యకు నిజం చెప్పండి."

"అయిపోయినవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం దేనికి? మనకేం వయసైపోయిందా? మళ్లీ ఉంటుందిలే," అన్నాడు లాలనగా. "ఈసారి మాత్రం నిన్ను గుర్రం జోలికి రానివ్వను, సరేనా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు. తానాడిన అబద్ధాన్ని తానే నమ్మేశాడు.

"మళ్లీ ఉండదు," అంది.

అతని ముఖం పాలిపోయింది. "అదేంటి? డాక్టరమ్మ నాతో అలా అనలేదే!"

"ఆవిడ అనలేదు. నేనంటున్నాను."