ఏటి ఒడ్డున మర్యాద

పసిగుడ్డు పుట్టి నాలుగో రోజు. పుట్టడానికి దానికి వేరే తావు దొరకలేదు పాపం, మంచులో, నడకలో పుట్టింది. వెర్డే లోయలోని అపాచీలనూ యావపాయ్‌లనూ రెండు తెగలనూ కలిపి అమెరికా సిపాయిలు, సర్కారు గిరిగీసి ఇచ్చిన శాన్ కార్లోస్‌కు తోలుతున్నారు. బండిబాట ఉండగా కొండల మీంచి ఎందుకయ్యా అంటే, తోలించే దొరకు దగ్గరదారి కావాలట! వాడి దగ్గరదారి తగలెయ్య!

నాత్లే కూతురు దిల్థే పచ్చి బాలింత, ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. అందుకని ఊయలపలకకు కట్టిన మనవరాలిని నాత్లేయే వీపున మోస్తోంది. అల్లుడు హస్కే ముందుగా పెళ్ళాన్ని ఎత్తుకుని పొంగిన ఏటిని దాటించాడు. ఇప్పుడు బిడ్డ కోసం తిరిగి వస్తున్నాడు.

అపాచీల కట్టుబాటులో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, మాట్లాడకూడదు. మూడేళ్ళుగా అతను వేటమాంసం గుడిసె బయట పెట్టి తప్పుకుంటే, ఆమె వచ్చి తీసుకునేది. అంత మర్యాదస్తుడు దొరికాడని నాత్లేకు గొప్పగా ఉండేది.

"చూస్తే కళ్ళు పోతాయా వదినా? చేతికి ఇచ్చెయ్యరాదూ!" అంది పక్కనున్న యావపాయ్ ముసలమ్మ కమూతా.

"పోతాయి మరి. నీకు సిగ్గూ ఎగ్గూ లేవు గనక తెలీదు," అని నవ్వింది నాత్లే. ఈ నడకలో అదే మొదటి నవ్వు.

అంతలో ఓ సిపాయి తుపాకి మడమతో కమూతాను ఏట్లోకి నెట్టాడు. నాత్లే ఊయలపలకను నీటి అంచున బండ మీద ఉంచి, దుప్పటి తల మీదుగా లాక్కుని, వెనక్కి తిరిగి నిలబడింది. హస్కే మొలలోతు నీళ్ళలో ఆగి, అత్త తప్పుకునేదాకా ముఖం తిప్పుకున్నాడు. అతను బిడ్డను తీసుకునే ఉంటాడని ఆమె అనుకుంది. ఆమె ఇంకా అక్కడే ఉందని అతను అనుకున్నాడు. ఈలోగా పైనుంచి మంచునీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

కమూతా పెట్టిన కేకకు ఇద్దరూ తిరిగారు. బండ కనిపించలేదు, నీళ్ళే కనిపించాయి. నాత్లే దుప్పటి జారిపోయింది. అల్లుడి ముఖం కళ్ళారా చూసింది, అతనూ చూశాడు. అయ్యో, ఎంత చిన్నవాడు! ఇద్దరూ నీళ్ళలో పడి చేతులతో దేవులాడారు. సిపాయిలు పట్టి లాగి అవతలి గట్టున పడేసేదాకా దేవులాడుతూనే ఉన్నారు.

గట్టు మీద దిల్థే, చేపుకొచ్చిన రొమ్ములు అదుముకుంటూ లేచి కూర్చుంది.

"అమ్మా, పిల్లేదే? ఆకలేస్తుంటుంది, ఇటివ్వు."

నాత్లే ముఖం దాచుకోలేదు. అల్లుడు పక్కనే ఉన్నాడు.

"మర్యాదకు పోయానే తల్లీ," అంది. "ఏటికిచ్చేశాను."