బొకే ఇచ్చే పిల్లలు

వేదశ్రీ డెంగీతో విజయవాడ ఆసుపత్రిలో చనిపోయిన మంగళవారం, తల్లి కనకవల్లి పామర్రు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతోంది. "జ్వరం తగ్గిందిగా, నువ్వు బడికి వెళ్ళమ్మా" అని ముందురోజు కూతురే పంపించింది. ఫోను వచ్చాక కనకవల్లి ఎక్కిన బస్సు విజయవాడ బెంజ్ సర్కిల్ చేరేసరికే అంతా అయిపోయింది.

వేదశ్రీకి ఇరవై ఆరేళ్ళు. నల్లగా, ఎత్తుపళ్ళతో ఉండేది. టీవీ కామెడీ వాళ్ళు ఆమెను తీసుకున్నదే అందగత్తెల పక్కన నిలబెట్టి నవ్వించడానికి. ఏడాది తిరక్కుండానే తన స్కిట్లు తనే రాసుకోసాగింది.

పదిహేను రోజుల తర్వాత కనకవల్లి బడికి వచ్చింది. స్టాఫ్ రూములో లెక్కల టీచరు శివపార్వతి ఫోను ముందుకు జరిపింది.

"బొకే స్కిట్ చూస్తారా మేడమ్? మాకు ఇదంటే ప్రాణమండి."

అందులో వేదశ్రీది టీచరు వేషం. ఊళ్ళోకి మంత్రి వస్తున్నాడు. బొకే ఇచ్చేందుకు పిల్లల్ని ఎంచాలి. పేరు రాయడం కూడా రాని తెల్లపిల్లను ముందుకు లాగింది. ఫస్టు ర్యాంకు పిల్ల, "మరి నేనో మేడమ్?" అంది.

"నువ్వు వెనకాల నిలబడి చప్పట్లు కొట్టమ్మా. నీ చప్పట్లు గట్టిగా వినిపిస్తాయి."

తీరా మంత్రి నల్లగా, బట్టతలతో దిగాడు. టీచరు ఆయన్నీ చప్పట్ల వరసలోకి తోసి, బొకే డ్రైవరుకు ఇప్పించింది. స్టూడియో అంతా ఘొల్లుమంది.

శివపార్వతి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఎవరొచ్చినా తెల్లటి పిల్లల్నే ముందు నిలబెట్టే మన పాత హెడ్మాస్టరుగారినే ఏకేసింది అనుకున్నామండి అందరం."

"ఆయన్ని కాదు. ఆ చప్పట్ల మాట నాది," అంది కనకవల్లి. "అది ఏడో తరగతిలో ఉండగా, బొకే ఇవ్వడానికి పిల్లల్ని ఎంచుతూ దానితోనే అన్నాను. ఈ వరండాలోనే. ఫస్టు ర్యాంకూ దానిదే."

"సొంత కూతుర్ని ముందు పెడితే నలుగురూ ఏమనుకుంటారోనని అనుంటారు లెండి."

"నేనూ అలాగే చెప్పుకున్నాను. కాదు. ఫొటోలో మిగతా పిల్లలే బాగుంటారనిపించింది."

టీ గ్లాసులు పెడుతున్న ఆయా సంపూర్ణమ్మ, "కడుపుకోతలో అలాగే అనిపిస్తాదమ్మా. టీ చల్లారిపోద్ది, తాగండి," అంది.

ఆ స్కిట్ మొదటిసారి వచ్చిన రోజు వేదశ్రీ ఫోన్ చేసింది. "చూశావా అమ్మా?"

"కరెంటు పోయిందే. చూడలేదు."

"పోనీలే. మళ్ళీ వేస్తారుగా," అంది.

ఇంకో మూడుసార్లు వేశారు. మూడుసార్లూ కనకవల్లి తలుపు వేసుకుని చూసింది. పిల్ల ఇంటికి వచ్చినప్పుడు చెబుదామనుకుంది. వచ్చినప్పుడల్లా కూర ఏం చేయమంటావని అడిగింది. ఆసుపత్రిలో ఉన్న ఆరు రోజులూ మందుల గురించే మాట్లాడుకున్నారు.

చూశానని గానీ, ఆ రోజు చేసింది తప్పని గానీ కనకవల్లి కూతురికి చెప్పలేదు.