పిన్నికి ఆవలింత రావాలి

పళ్ళబ్బాయి పొద్దున్నే పిన్నికి టీ ఇచ్చి, ల్యాబుకెళ్ళి, సాయంత్రందాకా కట్టుడు పళ్ళు చేస్తాడు. వీధిలో ఆ పేరు అందుకే. ఇంటికొచ్చాక తలుపేసుకుని తన పేకల పెట్టెలు తుడుచుకుంటాడు. ఆడడు సరికదా, సీలు కూడా విప్పడు. ఒక కంపెనీ కాలానికొకటి చొప్పున, కొద్దిగా మాత్రమే అచ్చువేసే పేకలవి. వేసవి, వాన, ఆకురాలే కాలం దొరికాయి. చలికాలం పేకకి మాత్రం ఎప్పుడు ప్రయత్నించినా, చిరునామా కొట్టేలోపే "అయిపోయాయి" అంటుంది ఫోను. ఈ ఆదివారమే ఆఖరి విడత. ఇదీ పోతే ఇంకెప్పటికీ లేనట్టే.

పిన్ని సంగతి వీధంతటికీ తెలుసు. ఆవిడ ఆవలిస్తే గడియారాలు ఆగిపోతాయి. మనుషులు తిరుగుతుంటారు, టైమే కదలదు. మళ్ళీ ఆవిడకి దేనిమీదైనా మనసు పోతేనే కదులుతుంది. ఆఫీసుకి ఆలస్యమైనవాళ్ళు ఆవిడ దగ్గర కాసేపు ఎండ గురించి మాట్లాడి, తీరిగ్గా వెళ్తుంటారు.

సరిగ్గా అమ్మకం తెరిచేటప్పుడు పిన్ని ఆవలిస్తే చాలు, చిరునామా నింపాదిగా కొట్టుకోవచ్చు. విసుగు పుట్టించాలంటే తన పేకల కబుర్లని మించినవి లేవని పళ్ళబ్బాయి నమ్మకం. ల్యాబులో ఆ మాటెత్తితే పక్కవాడు లేచి చేతులు కడుక్కోవడానికి పోతాడు.

ఆదివారం అమ్మకం వేళకి పెట్టెలు తెచ్చి పిన్ని ముందు పరిచి మొదలుపెట్టాడు. అట్ట మందం, సిరా, అంచుల కోత.

"ఆగరా. ఈ పెట్టెమీద రాజు ఎందుకిలా దిగులుగా ఉన్నాడు?" పిన్ని కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"వానపేక కదా పిన్నీ."

"మరి రాణి?"

"లోపలుంటుంది."

"ఎలా ఉంటుంది?"

"తెలీదు. విప్పలేదు."

"తెలీకుండానే ఇన్నాళ్ళూ తుడిచావా!"

పిన్ని ముందుకి జరిగింది. ఆవలింత జాడే లేదు. అడిగిన కొద్దీ అతనూ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఫోను చూసుకునేసరికి "అయిపోయాయి" అని ఉంది.

పళ్ళబ్బాయికి ఏడుపొచ్చినంత పనైంది. "ప్రతిసారీ ఇంతే! ఎవరో మూటలు మూటలు కొనేస్తారు, తర్వాత రెట్టింపుకి అమ్ముతారు, కంపెనీవాళ్ళకి బుద్ధి లేదు..."

పిన్ని నోరంతా తెరిచి ఆవలించింది.

గడియారం ఆగింది. ఫోనులో ఆ ఒక్క మాటే నిలిచిపోయింది. టైము ఎంతకీ కదల్లేదు. కింద సెలూన్లోంచి కేక వినబడింది: "బాబూ, నా తలకి రంగు పట్టట్లేదు! ఆవిడకేదైనా కొత్త సంగతి చెప్పవయ్యా!"

చెప్పడానికేముంది? తనకి తెలిసిందంతా చెప్పేశాడు. తెలియనిది ఆ పెట్టెలోనే ఉంది. నిజానికి అదేంటో చూడాలని పిన్నికంటే తనకే ఎక్కువగా ఉంది. గోరుతో వానపేక సీలు గీకి విప్పాడు.

రాణి తన గొడుగు ఎవరికో ఇచ్చేసి, నిండా తడుస్తూ నవ్వుతోంది.

"ఓసి నీ దుంపతెగ!" అంది పిన్ని. గడియారం కదిలింది. "ముక్కలు పంచరా."

కొన్నాళ్ళకి ఒకాయన ఫోన్ చేశాడు. చలికాలం పేక తన దగ్గర రెండున్నాయట. సీలు చెక్కుచెదరని వానపేక ఇస్తే ఒకటి ఇచ్చేస్తాడట.

పళ్ళబ్బాయి చేతిలో ముక్కల వంక చూసుకున్నాడు. మూలలు మెత్తబడ్డాయి, రాణిమీద టీ మరక ఉంది. ఎదురుగా పిన్ని, ఏ ముక్క వేస్తాడా అని కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇవ్వలేనండీ, అది వాడుకలో ఉంది," అని ఫోను పెట్టేశాడు.