బట్టమేక కింద చెక్క గుడ్డు

నేను ఒక గుడ్డును. పగలగొట్టి చూద్దామనుకోకండి, మీ సుత్తే విరుగుతుంది. నాది అంకుడు కర్ర ఒళ్ళు, కడుపులో బరువు కోసం పోసిన సీసం. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందని మీ మనుషుల సామెత. నాకు ఆ భాగ్యమూ లేదు, నాలో పిల్లే లేదు.

నన్ను చేసినవాడు విశాఖ వైపు లక్కబొమ్మల పనివాడు చిన్నయాచారి. పక్షుల మీద పరిశోధన చేసే సుభాషిణి ఒక ఫొటో పంపి, అచ్చం ఇలాగే ఉండాలని రాసింది. ఆయన అచ్చం అలాగే చేశాడు. చేశాక మనసొప్పక లక్క మెరుగు కూడా పెట్టాడు. "నిగారింపు నేకపోతే బొమ్మెవుడు కొంటాడు!" అన్నాడు. నన్ను మెచ్చాల్సింది పిల్లలు కాదు, పిట్ట అని ఆయనకు తట్టలేదు.

కర్నూలు వైపు గడ్డిబీళ్ళకు చేరాక నన్ను చూసి కాపలాదారు మద్దిలేటి నవ్వాడు. "ఏం మేడమ్మా, ఇది ఎండకు అద్దం మాదిరి తళుక్కుమంటాది. కాకులను పిలిచి కూడు పెట్టినట్టే" అన్నాడు. బూడిదతో తోమి, ఎర్రమట్టి పూసి, గొర్రెల పెంటలో రెండు రోజులు పూడ్చిపెట్టాడు. నా సోకంతా అక్కడే దిగిపోయింది.

ఆ బీడులో ఆ ఏడు ఒక్క బట్టమేక పిట్టే గుడ్డు పెట్టింది. మనిషి నడుమెత్తు ఉండే పక్షి, పెట్టేది ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద. నిరుడు ఆ గుడ్డును కుక్కలు తిన్నాయి, మద్దిలేటి నీళ్ళు తాగడానికి వెళ్ళిన పావుగంటలో. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అతనే తనను తాను తిట్టుకుంటూ ఏడాది గడిపాడు. అందుకే ఈసారి అసలు గుడ్డును శిబిరంలోని పొదిగే యంత్రంలో పెట్టి, దాని చోట నన్ను ఉంచారు. పెంకు చిట్లగానే మళ్ళీ మార్చాలి. అందాకా తల్లి నన్ను వదిలి పోకూడదు. పోయిందంటే పుట్టబోయే పిల్లకు దిక్కు లేదు.

తల్లి వచ్చింది. ఒకసారి చూసి, కూర్చుంది. మాటులో దాక్కున్న ఇద్దరూ ఏడ్చినంత పని చేశారు. రోజుకు నాలుగైదుసార్లు ముక్కుతో నన్ను తిప్పేది. పదో రోజు అది మేతకు వెళ్ళినప్పుడు కుక్క ఒకటి వచ్చి నన్ను కొరికి, పన్ను నొప్పి పుట్టి పారిపోయింది. ఇప్పుడు నేనుంటున్న అద్దాల బీరువాలో ఆ గాటును చూసేవాళ్ళు పగులు అనుకుంటారు. తల్లి మాత్రం తిరిగొచ్చి అదే మమకారంతో కూర్చుంది. నాకు చాలా సిగ్గేసింది.

లెక్క ప్రకారం చిట్లాల్సిన రోజు దాటింది. ఆపైన నాలుగు రోజులు గడిచాయి. తల్లి లేచి వెళ్ళి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. శిబిరంలో ఏం జరిగిందో తరవాత వాళ్ళ నోటనే విన్నాను. పెంకు ముదురు రంగు కావడంతో దీపం పెట్టి చూసినా లోపల ఏమీ కనబడలేదట.

"ఇంగ రేపటికి అది లేచిపోతాది మేడమ్మా. ఇప్పుడే పెట్టేద్దాం" అన్నాడు మద్దిలేటి.

"చిట్లకుండా పెడితే మళ్ళీ కుక్కల పాలేగా? అసలు బతికుందో లేదో!" అంది సుభాషిణి.

"మా ఆడోళ్ళు కోడిగుడ్లకు చేసేది ఒకటుండాది. గోరువెచ్చని నీళ్ళల్లో ఇడుస్తారు. పానం ఉంటే కదుల్తాది."

"ఉన్నది ఒక్కటే గుడ్డు మద్దిలేటీ!"

"నాకు తెలీదా మేడమ్మా? నిరుడు పోగొట్టింది నేనే గదా."

ఆమె లేచి నీళ్ళు వెచ్చబెట్టింది. బేసిన్‌లో గుడ్డు తేలింది. కదల్లేదు. నీళ్ళు పూర్తిగా నిలకడపడ్డాక, లోపల ఎవరో మోచేత్తో పొడిచినట్టు గుడ్డు ఒక్కసారి ఉలిక్కిపడింది. తుడిచి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా కిచమన్నది. చిట్లడానికి ఇక గంటలే మిగిలాయి.

వాళ్ళు పరుగున వచ్చేసరికి నేను ఎండలో ఒంటరిగా ఉన్నాను. తల్లి గట్టు దాటి వెళ్ళి చాలాసేపైంది. మద్దిలేటి అసలు గుడ్డును నా చోట పెట్టి, నన్ను గుప్పిట్లో పట్టుకుని మాటులోకి పాకాడు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. ఆ ఎండకు గుడ్డు ఉడికిపోతుంది. "తీసేద్దామా?" అని సుభాషిణి గుసగుసలాడింది. అతను తల అడ్డంగా ఊపి, గట్టు వైపే చూస్తూ ఉన్నాడు. దింపుడు కళ్ళం ఆశ అంటారే, అదే.

గడ్డి కదిలింది. తల్లి వచ్చింది. కూర్చోబోయి, ఆగింది. మార్పు పసిగట్టిందేమోనని నా సీసం కూడా గడ్డకట్టింది. అంతలో పెంకు లోపలి నుంచి కిచకిచ వినబడింది. తల్లి మెడ వంచి, గొంతులోంచి మెత్తగా ఒక కూత కూసింది. లోపలిది బదులిచ్చింది. తల్లి మళ్ళీ కూసి, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

మద్దిలేటి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ సంతోషించాను. అబద్ధమెందుకు, కొంచెం కుళ్ళుకున్నాను కూడా. ఇరవై రెండు రోజులు నన్ను పొదిగింది ఆ తల్లి. ఒక్కసారైనా నా దగ్గర ఆ కూత కూయలేదు.