ఇంటికిచ్చిన పరీక్ష

"హాల్ టికెట్టు లేని పరీచ్చేటే? నన్నెర్రిదాన్ననుకుంటన్నావేటి?" అంది మా అత్త లక్ష్మణమ్మ, చేప తోమడానికి ఉప్పు నా ముందు పెడుతూ. శనివారం పొద్దున్న. పాతపట్నం నుంచి ఆడపడుచు తాయారు వాళ్ళు భోజనానికొస్తున్నారు.

అత్తనొక్కర్తినే అనడానికి లేదు. మూడు సెమిస్టర్లూ నా హాల్ టికెట్టుకి బొట్టు పెట్టి, దేవుడి పటం దగ్గర ఆనించి, "రాతకెల్లే మనిసి పొయ్యి కాడికి రాకూడదు" అని నన్ను వంటింట్లోంచి తరిమిన మనిషి ఆవిడ. ఆ మర్యాదంతా నాకే అనుకుని మురిసిపోయాను. కాదు, ఆ కాగితం ముక్కకి. ఈసారి అది లేదు. నిన్న పదకొండింటికి మా ఫిలాసఫీ ప్రొఫెసర్ గణపతిరావు గారు ప్రశ్నాపత్రం చేతికిచ్చి, ఆఖరి పరీక్ష ఇంటికి పట్టుకెళ్ళి రాసుకోమన్నారు. పుస్తకాలు చూసుకోవచ్చు, ఎవరినీ అడక్కూడదు, సోమవారం పదకొండింటిలోగా తెచ్చివ్వాలి. "డెబ్బై రెండు గంటలమ్మా! పెళ్ళయిన ఆడవాళ్ళకి ఎంత వెసులుబాటో చూడండి" అని క్లాసులో పెళ్ళయిన మా ఐదుగురి వైపు తిరిగి నవ్వారు. ఆయన పుస్తకాలు రాసుకునేటప్పుడు కాఫీ ఎవరు తెచ్చిపెడతారో నాకు తెలియదు గానీ, ఆవిడ చేత ఒక్కసారి ఈ పరీక్ష రాయించాలని మాత్రం గట్టిగా అనిపించింది.

ఈ ఒక్క పేపరు గట్టెక్కితే ఎమ్మే చేతికొస్తుంది. తప్పితే ఇంకో ఏడాది. ఇంకో ఏడాది యూనివర్సిటీకని మా చీపురుపల్లిలో రైలెక్కనివ్వనని మా ఆయన త్రినాథ్ ముందే చెప్పేశాడు.

త్రినాథ్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. నిన్న సాయంత్రం ప్రశ్నాపత్రం చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "ఓస్, ఇంటిపనా! పిల్లలికి మేం రోజూ ఇస్తన్నాం. ఇంటిపనే కదా, ఇంటిపన్తో పాటు సేసీ" అన్నాడు. తన మాటకి తనే పడిపడి నవ్వాడు. పదమూడేళ్ళుగా నేను చేస్తున్నదీ ఇంటిపనే, బడిపిల్లలు చేసేదీ ఇంటిపనే. పిల్లలది ఎవరో ఒకరు చూసి టిక్కు పెడతారు, అంతే తేడా. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దడానికి ఆయన బల్ల దగ్గర కూర్చుంటే మా ఇంట్లో టీవీ ఆగిపోతుంది. కుక్కరు విజిలేస్తే నేను పరుగెత్తుకెళ్ళి స్టవ్వు కట్టేస్తాను. అది ఉద్యోగం కదా మరి.

ప్రశ్న ఒక్కటే. మనిషిని కేవలం సాధనంగా వాడుకోవడం ఎందుకు తప్పు? సొంత ఉదాహరణలతో చర్చించండి. చేప ముక్కలకి ఉప్పు పట్టిస్తూ ఆలోచించాను. చేతులు కడుక్కుని రెండు వాక్యాలు రాశాను. "యమునా, కాయితాలెక్కడికీ పోవే, సేప పాడైపోతాది" అని అత్త కేకేసింది. మధ్యాహ్నం తాయారు పిల్లలకి ముళ్ళు తీసి పెడుతూ ఇంకో వాక్యం అనుకున్నాను, ఎంగిళ్ళు తీసేసరికి మరిచిపోయాను. "నీకేటి వొదినా, ఇంటికాడే కూకుని పరీచ్చ! మాకు లేదు అలాటి రాత" అంది తాయారు, ఆకు కూడా తియ్యకుండా లేస్తూ. కోపంతో నా చెవులు వేడెక్కాయి. నవ్వాను. ఆ నవ్వంటేనే నాకు ఇప్పుడు ఎక్కువ అసహ్యం.

అయినా రాశాను. బట్టలు ఆరేసి రెండు పేరాలు, పప్పు ఉడికేలోగా ఒకటి. ఆదివారం మధ్యాహ్నానికి ఆరు పేజీలయ్యాయి. స్నానం చేసి వచ్చేసరికి త్రినాథ్ వాటిని చదువుతున్నాడు, చేతిలో ఎర్ర పెన్ను.

"'ఒక ఇంట్లో ఒకామె ఉంది. ఆమెకు జ్వరం వస్తే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే, మరి వంట?' ఏటిది? ఎవలామె?"

"ఉదాహరణ. నా కాయితాలిచ్చీ బావా."

"ఇంటి గుట్టు యూనివర్సిటీకి మోస్తావేటి? ఆ ప్రొఫెసరు నన్ను రేపెక్కడైనా సూస్తే ఏటనుకుంటాడు? రైతూ కూలీ అని మార్చి రాయి." ఆరు పేజీలూ అడ్డంగా చింపి బల్ల మీద పెట్టాడు. "తప్పుల్రాసిన పిల్లడికైనా ఇదే సేస్తాను. నీ మంచికే." తరవాత టీ అడిగాడు. పెట్టాను. ఆ టీలో ఏమైనా కలిపానని మీరు ఆశపడకండి, పంచదారే కలిపాను.

రాత్రి ఏమీ రాయలేదు. సోమవారం తొలి పాసింజరెక్కి, ఎనిమిదింటికల్లా డిపార్టుమెంటు మెట్లెక్కాను. గణపతిరావు గారు అప్పుడే గది తెరుస్తున్నారు.

"తెచ్చావా అమ్మా?"

"తెల్లకాగితాలు తెచ్చాను సార్. ఒక బల్ల ఇప్పించండి. ఇక్కడే కూర్చుని రాస్తాను."

ఆయన ముఖం చిట్లించారు. "ఇది ఇంట్లో రాసే పరీక్షమ్మా. ఒక్కరికి ఇక్కడ రాయనిస్తే ఎలా కుదురుతుంది? డెబ్బై రెండు గంటలిచ్చాను కదా, ఇంకేం కావాలి?"

పదమూడేళ్ళలో నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఈసారి ఆగలేదు.

"ఆ డెబ్బై రెండు గంటలూ మీరు మా ఇంటికిచ్చారు సార్, నాకివ్వలేదు. నాకు మూడు గంటలు చాలు."

ఆయన సారీ అనలేదు. పక్క క్లాసురూము తెరిచి, ఫ్యాను వేసి వెళ్ళిపోయారు.

కూర్చున్నాను. త్రినాథ్ రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి మోగకుండా ఆపేసి, పెన్ను మూత తీసి, జవాబు మొదటి వాక్యం రాశాను.

"ఉదాహరణకి, నేను."